కొట్టంలో కాపురం

తాతల నాటి గొడ్ల కొట్టాన్ని ఏం చేద్దామన్న మాట ఇంట్లో వస్తే మామూలుగా రెండే జవాబులు వినిపిస్తాయి. కూల్చి కొత్తగా కట్టుకుందామని ఒకరంటారు. బిల్డరుకు డెవలప్‌మెంటుకిస్తే మనిషికో ఫ్లాటు వస్తుంది కదా అని ఇంకొకరంటారు. మూడో జవాబు ఒకటుంది. ఆ కొట్టాన్నే ఇల్లుగా మార్చుకోవడం. డబ్బు చాలనివాళ్లు చేసే సర్దుబాటు అది అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉండిపోయింది. నేను దాన్ని ఒప్పుకోను. తెలిసి, చూసి చేసుకుంటే, ఇల్లంటే ఏమిటన్న మన అలవాటు లెక్కలన్నీ తిరిగి వేయించే పని ఇది.

అంబర్‌పేట, గోల్నాక, రామంతాపూర్, ఉప్పల్, నాచారం. హైదరాబాదులో ఈ వరసలో పుట్టి పెరిగినవాళ్లకు కొట్టం కొత్త కాదు. మూసీ ఈ పక్క నుంచే పోతుంది. నగరం మురుగంతా కలిసిన ఆ నీటితోనే అంబర్‌పేట దిగువన ఉప్పల్, నాగోలు, పీర్జాదిగూడ దాకా పారా గడ్డి పెంచారు. ఏడాది పొడుగునా కోతకొచ్చే ఆ పచ్చిగడ్డే ఈ వైపు బర్రెలకు మేత. ఆ బర్రెల పాలే ఇళ్లకూ చాయ్ హోటళ్లకూ పోయేవి. అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు 2000 తర్వాత ఈ గడ్డి మీద, దాన్ని నమ్ముకున్న పాడి మీద ప్రత్యేకంగా అధ్యయనాలే చేశారు. తర్వాత గడ్డి మళ్లు చాలావరకు ప్లాట్లయ్యాయి. అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం వచ్చింది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడిచింది. గజం ధర మారిపోయింది. బర్రెలు ఊరు దాటాయి. వాటిని కట్టేసిన కొట్టాలు మాత్రం కొన్ని ఇళ్ల వెనకాల ఇంకా నిలబడే ఉన్నాయి. వాటిలో ఇప్పుడు స్కూటర్లు, పాత బీరువాలు, మిగిలిపోయిన సిమెంటు బస్తాలు ఉంటున్నాయి.

ఇల్లు కట్టేటప్పుడు మనం వీధిలోంచి ఎలా కనబడుతుందని ఆలోచిస్తాం. ముందువైపు ఎలివేషనుకు లక్షలు పోస్తాం. కొట్టం కట్టినాయనకు ఆ గొడవ లేదు. గొడ్డుకు ఎండ తగలొద్దు, గాలి ఆడాలి, మూత్రం నిలవొద్దు, గడ్డి తడవొద్దు. ఆయన లెక్కంతా ఈ నాలుగు అవసరాల చుట్టూనే తిరిగింది. పడమటి గోడ మందంగా ఉందంటే దానికి కారణముంది. గోడకూ కప్పుకూ నడుమ జానెడు సందు వదిలారంటే దానికీ కారణముంది. నేల ఒక పక్కకు వాలి ఉంటే అది మేస్త్రీ చేతగానితనం కాదు, నీళ్లు కొట్టి కడిగితే కాలువలోకి పోవడానికి చేసిన ఏర్పాటు. చూపు కోసం పెట్టింది ఒక్కటీ కనబడదు. పాత కొట్టాల్లోకి అడుగు పెట్టినప్పుడు మనిషికి కలిగే ఊరటకు నాకు తోచిన కారణం ఇదే. తొమ్మిదిన్నర అడుగుల స్లాబు కింద, ఫాల్స్ సీలింగు మరో అడుగు మింగేసిన గదుల్లో బతికేవాళ్లకు, తల పైకెత్తితే పన్నెండు పద్నాలుగు అడుగుల ఎత్తున దూలం కనబడటమే ఒక సుఖం.

ఈ ఆకర్షణ మనకొక్కళ్లకే కాదు. ఇంగ్లండులో రైతుల పాత కొట్టాలను ఇళ్లుగా మార్చుకునే మోజు ఎంత పెరిగిందంటే, 2014లో ప్రభుత్వం, తర్వాత క్లాస్ క్యూగా పేరుపడిన నిబంధన తెచ్చి, పూర్తిస్థాయి ప్లానింగు అనుమతి అక్కర్లేకుండానే కొన్ని షరతులతో ఆ మార్పుకు దారి ఇచ్చింది. న్యూయార్కులో సోహో ప్రాంతపు పాత కార్ఖానా అంతస్తుల్లో చిత్రకారులు అనుమతి లేకుండా కాపురాలు పెడితే, నగరం 1971లో వాటిని చట్టబద్ధం చేయాల్సి వచ్చింది. ఇంగ్లండు అనుభవంలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. మూడు పక్కల గోడల్లేని ఇనుప చట్రపు కొట్టాన్ని ఇల్లు చేసుకుంటామని ఒక కుటుంబం అడిగింది. అక్కడి హైకోర్టు 2016లో హిబ్బిట్ కేసులో, ఇన్ని కొత్త గోడలు కట్టాల్సి వస్తే అది మార్చడం కాదు, తిరిగి కట్టడమేనని తేల్చింది. ఈ గీత మీరూ గీసుకోండి. కప్పు మోసే చట్రం, కనీసం రెండు మూడు గోడలు ఉన్నవి ఉన్నట్టు నిలబడగలిగితేనే మార్పు గురించి మాట్లాడండి. లేకపోతే మీరు కడుతున్నది కొత్త ఇల్లే. దానికి ఆ ఖర్చూ ఆ అనుమతులే వర్తిస్తాయి, పాతదన్న పేరు ఒక్కటే మిగులుతుంది.

ముందు ఒక ఆదివారం

ఇంజనీరును పిలిచే ముందు, అన్నదమ్ములతో మాట్లాడే ముందు, ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కొట్టంలో గడపండి. సామాను బయట పెట్టించండి. ఊడ్పించండి. ఒక కుర్చీ, ఒక నోటు పుస్తకం చాలు. వీలైతే ఏప్రిల్‌లోనో మేలోనో చేయండి, ఎందుకంటే హైదరాబాదులో ఇంటికి అసలు పరీక్ష ఎండాకాలమే. ఎనిమిదింటికి ఎండ ఎక్కడ పడింది, పన్నెండింటికి ఎక్కడికి జరిగింది, మూడింటికి ఏ గోడ కాలుతోంది, గాలి ఏ సందులోంచి వస్తోంది, పక్కింటి బోరు మోటారు చప్పుడు ఎంత వినబడుతోంది. ఇవి రాసుకోండి. గోడల మీద తెల్లగా పొంగిన చోట్లు, రేకుల్లో వెలుతురు చుక్కలు, చెదలు పాకిన మట్టి గీతలు ఫోటో తీసుకోండి.

ఎలా మార్చాలన్న ఊహలు ఆ రోజు వద్దు. ఇక్కడ వంటగది, అక్కడ మెట్లు అంటూ మనసు పరిగెడుతుంది, దాన్ని ఆపండి. ఉన్నదేమిటో చూడకముందే ఏం చేయాలో తేల్చేసుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ పడిన అలవాటు. చదువుల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో అదే చేస్తాం. కారణం అడక్కుండా కొట్టేసిన గోడ వల్ల ఎంత నష్టమో, అది కొట్టేసిన తర్వాతి మే నెలలో తెలుస్తుంది. ప్రతి గోడనూ ప్రతి సందునూ 'నువ్వెందుకున్నావు' అని అడిగి, జవాబు దొరకనిదాన్ని మాత్రమే మార్పుల జాబితాలో చేర్చండి.

ఆ సాయంత్రం ఇంకో పని. వీధిలో అందరికన్నా పాతకాపు ఎవరో వాళ్ల దగ్గరికెళ్లి కూర్చుని, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు రామంతాపూర్, హబ్సిగూడ వైపు కాలనీలు మునిగాయి. 2025 సెప్టెంబరు ఆఖరులో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే వచ్చింది. మీ కొట్టం గోడ మీద ఆ నీటి గుర్తు ఎంత ఎత్తున ఉందో, మీ నేల దానికన్నా ఎంత ఎత్తులో ఉండాలో ఆ పెద్దాయన మాటతో తేలుతుంది.

ఇంట్లో మాట

ఇక ఇంట్లోవాళ్లు. అసలు కష్టం ఇక్కడే. గోడలకన్నా మనుషుల్ని ఒప్పించడానికి ఎక్కువ ఓపిక కావాలి.

"గదెట్ల ఇల్లయితదిరా, బర్రెల్ని కట్టేసిన జాగ అది" అని అమ్మ అనొచ్చు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. పేడ తీసి, పాలు పితికి, తెల్లారుజామున లేచి ఆ కొట్టంలో నడుం విరిగేలా పనిచేసింది ఆవిడే అయ్యుంటుంది. మీకు అందంగా కనబడే దూలం కింద ఆవిడకు గుర్తొచ్చేది చాకిరీ. బిడ్డలు ఫ్లాట్లోకి మారితే ఆ చాకిరీకి ఫలితం దక్కిందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని వాదనతో గెలవాలని చూడకండి. ఆవిడనే అడగండి, ఏ మూల చల్లగా ఉండేది, వానొస్తే ఎక్కడ కారేది, పాము ఎటు నుంచి వచ్చేది అని. ఆ కట్టడం గురించి ఇంజనీరుకు తెలియని సంగతులు ఆవిడ దగ్గరే ఉన్నాయి. అడిగిన కొద్దీ ఆవిడా ఈ పనిలో భాగస్తురాలవుతుంది.

తర్వాత వాటాలు. తండ్రి తాతల ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే చట్ట సవరణ వచ్చింది. 2005లో దేశమంతటికీ కేంద్రం అదే చేసింది. కాబట్టి ఈ ముచ్చట అన్నదమ్ములు మాత్రమే కూర్చుని తేల్చుకునేది కాదు. అక్కాచెల్లెళ్లను, వాళ్ల వాటాను లెక్కలోకి తీసుకోకుండా పెట్టిన ప్రతి రూపాయీ రేపు కోర్టు మెట్ల దగ్గర ఆగిపోతుంది. ఒకరు కొట్టంలో ఉండదలచుకుంటే మిగతావాళ్ల వాటా విలువ ఎలా సర్దుతారో కాగితం మీద పెట్టి, రిజిస్టరు చేయించండి. పాలుపంపకాలు పూర్తి కాకముందే ఒక్క పెంకు కూడా దించొద్దు. ఇది నా గట్టి మాట.

డెవలప్‌మెంటు మాట తెచ్చినవాళ్లను శత్రువుల్లా చూడకండి. రెండు వందల గజాల స్థలంలో నలుగురు వాటాదార్లుంటే, నలుగురికీ తల దాచుకునే చోటు కావాలంటే, బిల్డరు దారే న్యాయం కావచ్చు. కొట్టం ఇల్లు అవడం ఒకరిద్దరు ఉండే కుటుంబానికి, వెనకవైపు విడిగా దారి ఉన్న స్థలానికి బాగా నప్పుతుంది. ఆ ఒక్క లెక్క ముందే సూటిగా వేసుకుంటే సగం గొడవలు పుట్టవు.

నేల, గోడ, కప్పు

ఇప్పుడు కట్టడంలోకి వద్దాం. గొడ్లు కట్టిన చోటుకు ఒక ప్రత్యేకమైన జబ్బుంటుంది. ఏళ్ల తరబడి మూత్రం నేలలోకి, గోడల అడుగుకూ ఇంకి, అందులోని యూరియా విరిగి నైట్రేటు లవణాలుగా మారుతుంది. ఒకప్పుడు తుపాకీమందుకు కావలసిన సురేకారాన్ని ఇలాంటి మట్టిలోంచే తీసేవారు. ఆ ఉప్పు గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది, ఆరినప్పుడు గోడ పైపొరను పొంగించి పెచ్చులూడదీస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరు చేసి, పుట్టీ పెట్టి, ఖరీదైన రంగు వేస్తే రెండో వానాకాలానికి మొత్తం ఊడి కింద పడుతుంది. చాలామంది పాత కట్టడాన్ని తిట్టుకునేది ఇక్కడే. నిజానికి తప్పు సిమెంటుది. లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు.

చేయాల్సింది ఇది. పాత నేలను అడుగు నుంచి అడుగున్నర లోతు తవ్వి ఆ మట్టి తీసేయండి. చెట్లకు అంతకన్నా మంచి ఎరువు ఉండదు, పారేయకండి. గోడల లోపలివైపు కింది నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా పాత పూత గీకించండి. ఉప్పు పొడిని చీపురుతో దులిపించండి, నీళ్లతో కడగొద్దు, కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. ఒక ఎండాకాలమంతా అలా వదిలేసి ఆరనివ్వండి. తొందరపడే మేస్త్రీ ఇక్కడ మిమ్మల్ని ఒత్తిడి చేస్తాడు, లొంగొద్దు. తర్వాత సున్నం పూత పూయించండి. గానుగలో ఆడించిన డంగు సున్నం మన చార్మినారునూ కుతుబ్‌షాహీ గుమ్మటాలనూ నిలబెట్టింది. గోడ ఊపిరి ఆడే పూత అది. మొజంజాహీ మార్కెటును 2020లో పునరుద్ధరించాక నగరంలో సున్నం పని గురించి మళ్లీ మాట్లాడుతున్నారు. తెలిసిన పనివాళ్లు తక్కువే, కానీ ఉన్నారు. వెతకండి. గోడ పగుళ్లలో, గుంజల సందుల్లో గోమార్లు దాక్కునే అలవాటుంది కాబట్టి అలాంటి ప్రతి సందూ పూడ్చాలి. నేలకు కింద కంకర పరిచి, పైన తాండూరు బండలో షాబాదు బండలో వేయించండి. పాత వాలును కాస్త తగ్గించి ఉంచుకుంటే కడగటానికి అదే సుఖం.

గోడల సంగతికొస్తే, ఈ ప్రాంతం కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అందుకే పాత కొట్టాల గోడలు చాలావరకు బండరాళ్లతో, మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టినవి. అడుగున్నర మందం ఉంటే ఎండకు అడ్డు కాస్తాయి, కానీ నెత్తిన స్లాబును మోయవు. మట్టి అడుసు గోడల మీద కాంక్రీటు స్లాబు వేసుకుందామన్న మేస్త్రీని ఆ రోజే పంపేయండి. ఎత్తు చాలినంత ఉండి అటక గదిలా పై అంతస్తు కావాలనుకుంటే, దాని ఇనుప స్తంభాలు దాని పునాదుల మీద అవి నిలబడాలి, పాత గోడను తాకకూడదు. మూసీకి దగ్గరగా, నింపిన మట్టి మీద ఉన్న స్థలమైతే స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా ఏదీ చేయొద్దు.

కర్రను పరీక్షించడం మీరే నేర్చుకోవచ్చు. గుంజ నేలలో దిగిన చోట నుంచి అర అడుగు పైదాకా స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. టేకు అయితే మొన ఆగుతుంది. సులువుగా దిగిందంటే లోపల చెదలో కుళ్లో ఉంది. దూలాలను సుత్తితో చిన్నగా కొట్టి వినండి, డొల్ల చప్పుడు తెలిసిపోతుంది. దూలం గోడలోకి దూరే కొనలు చూడటం అందరూ మరిచిపోతారు, వాన చెమ్మ మొదట తినేది వాటినే. చెడిపోయిన గుంజ అడుగు కోసేసి, రాతి దిమ్మ మీద నిలబెట్టే పని తెలిసిన వడ్లాయన దొరికితే కప్పు మొత్తం దించనక్కర్లేదు.

కప్పు పెంకులదైతే అదృష్టం. పగిలినవి మార్చి, వాసాల మీద పలకలు కొట్టి, తిరిగి నేయించడమే. పాత పెంకులు కూల్చిన ఇళ్ల నుంచి అమ్మే అడితీల్లో దొరుకుతాయి. సిమెంటు రేకులైతే జాగ్రత్త పడాలి. పాతవాటిలో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. కదపకుండా ఉంటే హాని తక్కువ, పగలగొట్టినా, కోసినా, డ్రిల్లు వేసినా పీచు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దించాల్సి వస్తే నీళ్లతో తడిపి, పగలకుండా నిండు రేకుగా, మంచి మాస్కులు పెట్టించి దించాలి. అడ్డా మీద నుంచి తెచ్చిన కూలీ ప్రాణమూ ప్రాణమే. మాస్కుల ఖర్చు దగ్గర బేరం వద్దు.

ఇనుప రేకులకు ఎండే సమస్య. నగరంలో 2017లో దేవరకొండ బస్తీలో కొన్ని పేద ఇళ్ల కప్పుల మీద తెల్లని చల్లకప్పు పొర పరిచి చూస్తే లోపల వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఆ అనుభవం తర్వాత తెలంగాణ 2023లో అయిదేళ్ల చల్లకప్పుల విధానమే ప్రకటించింది. మీ కొట్టానికి తెల్ల పూత ఒక్కటే చాలదు. రేకుకూ కింద వేసే పలకల కప్పుకూ మధ్య అర అడుగైనా గాలి ఖాళీ ఉంచి, కొప్పు దగ్గర వేడి గాలి బయటికి పోయే సందు పెట్టండి. కొట్టం కట్టినాయన గోడకూ కప్పుకూ నడుమ వదిలిన జానెడు సందు గుర్తుందా? దోమల జాలీ కొట్టి దాన్ని అలాగే ఉంచండి. ఏసీ పెట్టడానికని దాన్ని మూసేసినవాళ్లు కరెంటు బిల్లు కడుతూనే ఉంటారు.

వెలుతురు కోసం ఒక లెక్క. పొడి వేడి ఉండే చోట తలుపుల్ని లెక్కలోకి తీసుకోకుండా, కిటికీల్లాంటి తెరుపులే గది నేలలో పదో వంతైనా ఉండాలని, గది ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నియమావళి చెబుతుంది. పన్నెండడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడుగు కొట్టమైతే 360 చదరపు అడుగులు, దానికి 36 చదరపు అడుగుల తెరుపు. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కిటికీలు మూడు. అవి తూర్పు, ఉత్తరాల్లో తెరవండి. పడమటి గోడను ముట్టుకోకండి.

నాచారం షెడ్లు

గొడ్ల కొట్టం లేనివాళ్లకు నాచారం, మల్లాపూర్ వైపు ఇంకో రకం కొట్టాలున్నాయి. ఒకప్పటి చిన్న పరిశ్రమల షెడ్లు. ఇరవై అడుగుల ఎత్తు, ఇనుప ట్రస్సులు, నడుమ స్తంభమే లేని హాలు. ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో కట్టుకున్నది ఈ నాచారంలోనే. సినిమా ఫ్లోరు కూడా ఆ మాటకొస్తే పెద్ద షెడ్డే. వీటిని చూస్తే మనసు గట్టిగా లాగుతుంది. కానీ ఇక్కడ నేను వెనక్కి లాగుతాను.

పారిశ్రామిక ఎస్టేటులోని స్థలం పరిశ్రమకని కేటాయించింది. దాన్ని ఇల్లు చేసుకోవడానికి వినియోగ మార్పు అనుమతి కావాలి. ఔటర్ రింగు రోడ్డు లోపలి పాత పారిశ్రామిక వాడల్ని ఇతర అవసరాలకు మార్చుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో హిల్ట్ పేరుతో ఒక విధానం తెచ్చింది. దానికి రుసుము ఉంది, షరతులున్నాయి. కరెంటు మీటరు కూడా పరిశ్రమల కేటగిరీ నుంచి గృహ కేటగిరీకి మారాలి. ఇవన్నీ కాగితం పనులు, అవుతాయి. అవ్వనిది ఒకటుంది. ఆ షెడ్డులో ఇన్నేళ్లూ ఏం తయారైందన్నది. ప్రింటింగు ప్రెస్సో, పిండి గిర్నీయో, చెక్క పనో అయితే పరవాలేదు. ఎలక్ట్రోప్లేటింగు, రసాయనాలు, రంగులు, బ్యాటరీల పని జరిగిన నేల మీద పిల్లల్ని పాకనివ్వకండి. నేల మట్టిని, బోరు నీళ్లను భార లోహాల పరీక్షకు ఇచ్చి, ఫలితం కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు మాట ఎత్తండి. పరీక్షకు యజమాని ఒప్పుకోకపోతే ఆ షెడ్డు వద్దు.

ప్రకాశం జిల్లా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు నన్ను పొగాకు బ్యారన్ల గురించి అడుగుతుంటారు. ఊళ్లో పాడుపడ్డ బ్యారన్‌ను సెలవులకు వెళ్లే ఇల్లు చేసుకోవచ్చా అని. ఆకు కాల్చే ఆ గది వేడిని లోపలే పట్టి ఉంచడానికి కట్టింది. ఎత్తు ఎక్కువ, కిటికీలు లేవు, గాలి రంధ్రాలు కొలత ప్రకారం. మనిషికి కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. గోడల్లో పెద్ద తెరుపులు తెరవగలిగితే, లోపలి పొగ గొట్టాలన్నీ తీసేసి ఏళ్ల మసి గీకగలిగితే అవుతుంది. నా ఓటు మాత్రం దాన్ని పుస్తకాల గదిగానో పనిగదిగానో చేసుకోవడానికే.

కూల్చక తప్పనివి

కొన్నింటిని నిలబెట్టాలని చూడకండి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి మట్టం) లోపల, నాలా మీద ఉన్నవి. మున్సిపల్ పరిధిలో నదికి 50 మీటర్లు, పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువుకు 30, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫరుగా వదలాలని 2012 నాటి భవన నిబంధనలున్నాయి. రామంతాపూర్, ఉప్పల్, నాచారాల్లో చెరువులు పక్కపక్కనే కాబట్టి పటం తీయించి కొలిపించండి. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట ఏళ్లపాటు మట్టి, శిథిలాల కింద కనబడకుండా పోయి, 2025లో తవ్వితే నీళ్లతో తిరిగొచ్చింది. కుంట జాగాలో కట్టిన కొట్టం ఎంత ముచ్చటగా ఉన్నా ఆ జాగా నీళ్లదే. రోడ్డు వెడల్పు గీతలో పడినవి, చట్రంలో సగానికి పైగా చెదలు తిన్నవి, గోడ నిలువు తప్పి వంగినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. పూర్తిగా కూల్చి కట్టుకుంటే చుట్టూ ఖాళీ వదలాల్సిన ఇప్పటి నిబంధనలు మీకు వర్తిస్తాయి. చిన్న స్థలాల్లో ఆ ఖాళీలు పోగా మిగిలేది చూసుకుని దిగులుపడేవాళ్లు ఎక్కువ. నిర్ణయానికి ముందే ఈ కొలత వేయించండి.

కూల్చినా, అందులో ఉన్నది పోనివ్వక్కర్లేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో మొదలైన దక్షిణచిత్రలో మన కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు, విశాఖ వైపు హరిపురం తీరపు ఇల్లు ఉన్నాయి. వాటి పాత ముక్కలు, కొలతలు ఆధారంగానే అక్కడ నిలబెట్టారు. మీరు అంత చేయనక్కర్లేదు. దూలాలకూ గుంజలకూ నంబర్లు వేసి, ఫోటోలు తీసి, విప్పించండి. రాతిబండలు కాంపౌండు గోడకు, దూలాలు మెట్లకు, కుడితి తొట్టి మొక్కలకు పనికొస్తాయి. కూల్చే కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు సామాను ఎవరిదో ముందే రాయించుకోండి, లేకపోతే టేకంతా మాట్లాడకుండా లారీ ఎక్కుతుంది. మిగిలిన శిథిలాల్ని రాత్రిపూట మూసీ గట్టున పోయనివ్వకండి. ఉప్పల్‌కు దగ్గర్లోనే ఫతుల్లాగూడలో 2021 నుంచి నిర్మాణ వ్యర్థాల్ని తిరిగి వాడుకలోకి తెచ్చే కేంద్రం నడుస్తోంది.

డబ్బు, వరస

బ్యాంకులు పాత కట్టడం మీద ఇంటి అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. మంజూరైన ప్లాను, విలువ కట్టే ఇంజనీరు కాగితం లేకుండా ఫైలు కదలదు. అందుకని పనిని మూడు విడతలుగా పంచుకోవడం మేలు. మొదటి విడతలో కప్పు, చట్రం, నీళ్లు పోయే దారి. రెండో విడతలో నేల, గోడలు ఆరబెట్టడం, సున్నం. కరెంటు, స్నానాల గది, వంటగది మూడో విడతకు. టైల్సు, లైట్లు, అల్మారాలు ముందే కొనేవాళ్లు చాలామంది ఉంటారు. దుకాణంలో చూసి మనసు పడతారు, తీరా కప్పుకు డబ్బు చాలదు. ఖర్చుకు వేసిన అంచనాలో అయిదో వంతు విడిగా దాచండి, పాత గోడ విప్పితే లోపల ఏముంటుందో ముందు ఎవరూ చెప్పలేరు.

పనివాళ్లతో ఒప్పందం నోటిమాటగా వద్దు. స్నానాల గది మాత్రం పాత గోడకు ఆనించకుండా కొట్టానికి ఒక పక్కన కొత్తగా కట్టించండి, ఎప్పుడూ తడిసే గోడ కొత్తదైతే మంచిది. కప్పు పని చేసిన మేస్త్రీకి ఆఖరి వాయిదా మే నెలలో ఇచ్చేయకండి. జూన్, జూలైల్లో రెండు గట్టి వానలు పడి, అటక మీద టార్చి వేసి మీరు స్వయంగా చూసి, దూలం కొనల దగ్గర, గోడా కప్పూ కలిసే చోట చెమ్మ లేదని తేలాక ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. కారితే అతనే వచ్చి పెంకు సరిచేసి, తడిసిన వాసం ఆరాక మళ్లీ చూపించాలి. ఆ తర్వాతే సామాను దించండి.